మాయలేడి, మారుగొంతు, మారువేషం: కార్డు దొంగల నుంచి మన కుటుంబాలను కాపాడుకుందాం



గుడిలో హారతి అయ్యాక ప్రసాదం పట్టుకుని నిలబడి మనం మాట్లాడుకోని విషయం ఉండదు. పిల్లల కాలేజీలు, గ్రీన్ కార్డు క్యూలు, ఇండియా టికెట్ల ధరలు అన్నీ దొర్లుతాయి. ఒక్క మాట మాత్రం ఎవరి నోటా రాదు. అది "మమ్మల్ని ఎవరో మోసం చేశారు, డబ్బు పోయింది" అన్న మాట. ఈ సంచికలో మేము ఆ మాట గురించే రాస్తున్నాం.

ఈ ఏడాది శ్రీరామనవమికి గుడి వంటింట్లో పానకానికి బెల్లం దంచుతూ ఒక పెద్దావిడ ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కొడుకు దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉంటున్నారు. బ్యాంకు ఖాతా, క్రెడిట్ కార్డు సొంతానివే. ఎనిమిది వారాల కిందట ఆమెకు ఫోన్ వచ్చిందట. "అమ్మా, మీ బ్యాంకు ఫ్రాడ్ డిపార్ట్‌మెంట్ నుంచి. మీ కార్డు మీద ఇప్పుడే వేరే రాష్ట్రంలో 900 డాలర్లు కొట్టారు. అది మీరేనా?" అని అడిగారు. ఫోన్ తెర మీద బ్యాంకు పేరే కనిపించింది. అవతలివాడికి ఆమె పేరు, కార్డులో చివరి నాలుగంకెలు తెలుసు. కాదంటే, "అయితే ఆపేస్తాం. పుట్టినతేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు చెప్పండి. మీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది, అదీ చదవండి" అన్నాడు. ఆమె చెప్పారు, చదివారు. అరగంటలో ఆ కార్డు మీద రెండువేల డాలర్లకు పైగా గిఫ్ట్ కార్డులు కొనేశారు.

అక్కడితో ఆగి ఉంటే నష్టం చిన్నదే. ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "అబ్బాయి కోప్పడతాడని కాదు. ఇక నాకేమీ తెలియదని అన్నీ నా చేతిలోంచి తీసేసుకుంటారేమోనని" అన్నారు. స్టేట్‌మెంట్ వస్తే పూజగది అరలో దాచారు. నాలుగో వారంలో ఆమె పేరుమీద ఒక దుకాణం కార్డు, ఇంకో క్రెడిట్ కార్డు కొత్తగా పుట్టాయి. డబ్బు పోవడానికి అరగంట పట్టింది. దొంగకు మిగతా పని చేసుకోవడానికి ఆ మౌనం మూడు వారాల గడువు ఇచ్చింది.

ఆమె అనుమతితోనే, పేరు లేకుండా ఇది రాస్తున్నాం. "నాలాంటి వాళ్ళు ఇంకెవరైనా అరలో కాగితాలు దాచుకుని ఉంటే బయటికి తీస్తారు" అని ఆమే అన్నారు.

మనవాళ్ళు ఎందుకు మోసపోతారు

"చదువుకున్నవాళ్ళు కూడా ఇలా ఎలా పడిపోతారు?" అని మనం తేలిగ్గా అనేస్తాం. అరణ్యకాండ ఒకసారి గుర్తుచేసుకుందాం. సీతమ్మను ఎత్తుకుపోవడానికి రావణుడు బలంతో రాలేదు, మూడు మాయలతో వచ్చాడు. మొదటిది బంగారు లేడి, అది ఆశ పెట్టింది. రెండోది రాముడి గొంతుతో మారీచుడు పెట్టిన కేక, అది భయపెట్టింది. మూడోది వాకిట నిలబడ్డ సన్యాసి వేషం, అది గౌరవాన్ని వాడుకుంది. లేడిని చూడగానే అది మారీచుడి మాయ కావచ్చని లక్ష్మణుడు చెప్పాడు కూడా. కేక వినబడ్డాక ఆ మాట వినే స్థితి ఎవరికీ లేకపోయింది.

ఈ కథ విని సీతమ్మకు తెలివి తక్కువ అన్నవాళ్ళు మనలో లేరు. భర్త మీద ప్రేమ, అతిథి మీద గౌరవం, ఇవే అక్కడ వలగా మారాయి. ఈనాటి కార్డు దొంగలు వాడుకునేవీ మన మంచి గుణాలే. ఈ మూడు మాయలు ఈ దేశంలో మన ఇళ్ళకు ఏ రూపంలో వస్తున్నాయో చూద్దాం.

మాయలేడి: ఆశ

సగం ధరకు ఇండియా టికెట్, ఇంటినుంచే పనిచేసి వారానికి వెయ్యి డాలర్లు, చూడకుండానే అడ్వాన్సు పంపమనే అపార్ట్‌మెంటు. కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఈ లేళ్ళు ఎక్కువ కనిపిస్తాయి. "మీకు రీఫండ్ రావాలి, కార్డు నంబరు చెప్పండి" అనేదీ ఈ జాతిదే. రీఫండ్ వేయడానికి ఎవరికీ మన కార్డు వెనక ఉన్న మూడంకెలు అక్కర్లేదు.

ఇంకో రకం మనకు మనమే వెతుక్కుంటూ వెళ్ళేది. విమానం టికెట్ మార్చాలని ఫోన్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతుకుతాం. పైన కనిపించే మొదటి నంబరు కొన్నిసార్లు డబ్బు కట్టి పెట్టించిన దొంగ ప్రకటన. ఎత్తినవాడు మర్యాదగా మాట్లాడి కార్డు వివరాలన్నీ రాసుకుంటాడు, లేదా మన తెరను వాడికి చూపించే యాప్ ఎక్కించమంటాడు. నంబరు కావాలంటే టికెట్ మీద, బిల్లు మీద, కంపెనీ సొంత యాప్‌లో చూసుకోవాలి. వీసా ఫారాలకూ ఇదే జాగ్రత్త. అమెరికా ప్రభుత్వ సైట్ల చిరునామా చివర డాట్ గవ్ అని, భారత ప్రభుత్వ సైట్ల చివర డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. మధ్యలో ఎక్కడో "గవ్" అన్న అక్షరాలు ఉంటే చాలదు, చివర ఏముందో చూడాలి.

మారుగొంతు: భయం

ఈ మాయలో మనవాళ్ళు రెండువైపులా ఉన్నారు. 2016 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ టెక్సాస్‌లోని హ్యూస్టన్ కోర్టులో ఒక పెద్ద కేసు బయటపెట్టింది. అహ్మదాబాద్‌లోని ఐదు కాల్ సెంటర్లతో కలిపి మొత్తం 61 మంది మీద నేరం మోపారు. వాళ్ళు ఐఆర్‌ఎస్ అధికారులమని, ఇమ్మిగ్రేషన్ అధికారులమని చెప్పి ఇక్కడివాళ్ళకు ఫోన్లు చేసేవారు. "పన్ను బాకీ ఉంది, ఇప్పుడే కట్టకపోతే అరెస్టు చేస్తాం, దేశం నుంచి పంపేస్తాం" అని బెదిరించేవారు. మోసపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు, పోయిన డబ్బు కోట్ల డాలర్లు. ఆ కాల్ సెంటర్లలో కొన్నిటిని నడిపిన హితేశ్ పటేల్‌ను 2019లో సింగపూర్ నుంచి రప్పించారు. 2020 నవంబరులో అతనికి 20 ఏళ్ళ జైలు శిక్ష పడింది.

వీసా మీద ఉన్నవాడికి "డిపోర్టేషన్" అన్న మాట వినగానే కాళ్ళు చల్లబడతాయి. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. కాబట్టి మనమూ ఒక సంగతి తెలుసుకుని ఉండాలి. ఐఆర్‌ఎస్‌కు మనతో పని పడితే సాధారణంగా ముందు ఉత్తరం వస్తుంది. ఏ ప్రభుత్వ కార్యాలయమూ ఫోన్‌లో గిఫ్ట్ కార్డులతో బాకీ తీర్చమని అడగదు. గిఫ్ట్ కార్డు అన్న మాట వినబడితే అది దొంగతనమే, ఇక ఆలోచించనక్కర్లేదు.

ఇప్పుడు మారీచుడి విద్య అక్షరాలా వచ్చేసింది. మనిషి గొంతును కంప్యూటరుతో అనుకరించి "అమ్మా, యాక్సిడెంట్ అయింది, డబ్బు పంపు" అనిపిస్తున్నారని అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 2023 మార్చిలోనే హెచ్చరించింది. మనవాడు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన చిన్న వీడియో ఉంటే వాళ్ళకు చాలు. దీనికి మందు పాతదే. ఇంటిల్లిపాదికీ తెలిసిన ఒక రహస్యపు మాట పెట్టుకోండి. ఊళ్ళో తాతగారి ఎద్దు పేరో, అమ్మమ్మ పిల్లలను పిలిచే ముద్దుపేరో, ఇంటర్నెట్‌లో ఎక్కడా లేని మాట ఏదైనా సరే. కంగారు ఫోన్ వస్తే ముందు ఆ మాట అడగాలి. చెప్పలేకపోతే ఫోన్ పెట్టేసి పిల్లవాడి నంబరుకు మనమే చేయాలి.

విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఒంటరిగా ఉంటున్న మన అమ్మానాన్నలకు ఇదే మాయ "డిజిటల్ అరెస్టు" పేరుతో వస్తోంది. పోలీసు యూనిఫాంలో ఒకడు వీడియో కాల్‌లో కనిపించి గంటల తరబడి కదలనివ్వడు. 2024 అక్టోబరు 27న ప్రధాని మోదీ "మన్ కీ బాత్"లో దీని గురించే మాట్లాడి, చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని చెప్పారు. అక్కడి సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ నాలుగంకెలూ అమ్మతో కాగితం మీద రాయించండి.

మారువేషం: గౌరవం

2018 మార్చిలో వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం మనవాళ్ళకు ఒక హెచ్చరిక విడుదల చేసింది. ఎంబసీ నంబరు తెరమీద కనిపించేలా దొంగలు ఫోన్లు చేస్తున్నారని, పాస్‌పోర్టులోనో వీసా ఫారంలోనో తప్పుందని చెప్పి క్రెడిట్ కార్డు వివరాలు, డబ్బు అడుగుతున్నారని అందులో ఉంది. ఇది ఎలా సాధ్యమని చాలామంది అడుగుతారు. ఫోన్ తెరమీద కనిపించే పేరూ నంబరూ చాలాసార్లు అవతలివాడి వైపు నుంచి పంపే సమాచారమే. ఉత్తరం కవరు మీద "పంపువారు" అని ఎవరైనా ఏ పేరైనా రాయగలిగినట్టే, ఇక్కడా వేరేవాళ్ళ నంబరు వేసుకోవచ్చు. కాబట్టి తెరమీద పేరు రుజువు కాదు.

ఈ వేషం గుళ్ళకూ వచ్చింది. చర్చి పాస్టరు పేరుతో, యూదుల రబ్బీ పేరుతో భక్తులకు మెసేజీలు పంపి, ఆపదలో ఉన్నవాళ్ళ కోసమని గిఫ్ట్ కార్డులు కొనిపిస్తున్నారని 2019లో ఎఫ్‌టీసీ చెప్పింది. పూజారిగారి పేరుతో మనకూ అలాంటిది రావచ్చు. అందుకని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాం. మన గుడి అర్చకస్వాములు గానీ, కార్యవర్గం గానీ ఎవరినీ గిఫ్ట్ కార్డులు అడగరు, ఫోన్‌లో కార్డు నంబరు అడగరు. అలా ఎవరైనా అడిగితే సమాధానం ఇవ్వకుండా ఆఫీసు కౌంటరులో చెప్పండి. గౌరవం తగ్గుతుందని మొహమాటపడకండి. అడిగి కనుక్కున్నందుకు స్వామివారు ఎవరూ నొచ్చుకోరు.

గీత ఎక్కడ గీసుకోవాలి

లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంలో లేదు. అయినా మన జనం దాన్ని కథలో నిలుపుకున్నారు, ఎందుకంటే ప్రతి ఇంటికీ అలాంటి గీత ఒకటి కావాలి. కార్డుల విషయంలో ఆ గీత ఒక్క వాక్యమే: వచ్చిన ఫోన్‌లో ఏమీ చెప్పం, పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు మనమే చేస్తాం.

నిజంగా బ్యాంకువాళ్ళే అయితే నష్టమేమీ లేదు, అదే విషయం మళ్ళీ చెబుతారు. దొంగ అయితే "లైన్ కట్ చేయకండి, ఎవరికీ చెప్పకండి" అంటాడు. ఆ రెండు మాటలే వాడి గుర్తు. ఆరంకెల కోడ్ తాళంచెవి లాంటిది. అది మనం తెర మీద వేసుకోవడానికి వస్తుంది గానీ, ఫోన్ చేసినవాడికి చదివి వినిపించడానికి కాదు. టోల్ బాకీ ఉందని, పార్శిల్ ఆగిపోయిందని వచ్చే మెసేజీలకూ ఇదే గీత. అందులోని లింకు నొక్కకుండా, ఆ సంస్థ సైటుకు మనమే వెళ్ళి చూసుకోవాలి.

ఏ కార్డు ఎక్కడ వాడాలి

కార్డు వెనక నల్ల పట్టీలో ఉండే సమాచారం ఎప్పుడూ ఒకటే. గ్యాస్ పంపుకు దొంగలు తగిలించిన చిన్న పరికరం దాన్ని చదివితే కార్డుకు నకలు చేసేయొచ్చు. చిప్ అలా కాదు, ప్రతి కొనుగోలుకూ ఒక కొత్త కోడ్ తయారుచేస్తుంది. ఒకసారి వాడిన కోడ్ రెండోసారి పనికిరాదు. ఫోన్‌తో ట్యాప్ చేస్తే అసలు కార్డు నంబరు కూడా దుకాణానికి చేరదు, దాని బదులు వేరే నంబరు వెళ్తుంది. కాబట్టి వీలున్నచోట ట్యాప్, లేకపోతే చిప్, గీకడం చివరి మాట.

ఆన్‌లైన్‌లో, గ్యాస్ స్టేషన్‌లో, ప్రయాణాల్లో డెబిట్ కార్డు వాడకపోవడం మేలు. కారణం చట్టంలోనే ఉంది. క్రెడిట్ కార్డును ఎవరైనా దొంగతనంగా వాడితే, సమాఖ్య చట్టం ప్రకారం మన మీద పడే భారం 50 డాలర్లకు మించదు. చాలా బ్యాంకులు అదీ అడగవు. డెబిట్ కార్డు పోతే రెండు పనిదినాల్లో చెబితే గరిష్ఠం 50 డాలర్లు, ఆ తర్వాత చెబితే 500 దాకా. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజులు దాటాక కూడా చెప్పకపోతే ఆపైన జరిగిన నష్టమంతా మనదే కావచ్చు. క్రెడిట్ కార్డులో తగువు బ్యాంకు డబ్బు మీద నడుస్తుంది. డెబిట్ కార్డులో తగువు తేలేదాకా ఖాళీగా ఉండేది మన ఖాతా, అంటే మన ఇంటి అద్దె. జెల్‌తో మనంతట మనమే పంపిన డబ్బు వెనక్కి రావడం ఇంకా కష్టం. ముఖం తెలిసినవాళ్ళకు తప్ప పంపకండి.

ప్రతి కొనుగోలుకూ ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా కార్డు యాప్‌లో పెట్టుకోండి. దొంగలు ముందు ఒకటి రెండు డాలర్లు కొట్టి కార్డు పనిచేస్తోందో లేదో చూస్తారు. ఆ రెండు డాలర్లను మనం పట్టుకుంటే రెండువేలు మిగులుతాయి.

పర్సులో అమ్మిన నంబరు

సోషల్ సెక్యూరిటీ నంబరు గురించి ఒక పాత సంగతి ఉంది. 1938లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో ఒక పర్సుల కంపెనీ, కార్డు పర్సులో చక్కగా పడుతుందని చూపించడానికి నమూనా కార్డు ఒకటి అచ్చువేసి ప్రతి పర్సులో పెట్టింది. దాని మీద వేసిన నంబరు ఆ కంపెనీ సెక్రటరీ హిల్డా విచర్‌ది, అసలైనదే. పర్సు కొన్నవాళ్ళలో చాలామంది అది తమ నంబరే అనుకున్నారు. 1943లో ఒకే సమయంలో 5,755 మంది దాన్ని వాడుతున్నారు. ఏళ్ళ మీద మొత్తం 40 వేల మందికి పైగా వాడారు. చివరికి ప్రభుత్వం ఆ నంబరు రద్దుచేసి ఆమెకు కొత్తది ఇచ్చింది.

నవ్వొచ్చే కథే. కానీ అది జీతాల లెక్క కోసం పుట్టిన నంబరని, రహస్యంగా ఉంచడానికి పుట్టింది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పుడు అదే మన అప్పుల ఖాతాలన్నిటికీ తాళంచెవి అయి కూర్చుంది. 2017లో ఈక్విఫాక్స్ సంస్థ నుంచి సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. కాబట్టి మన నంబరు ఎవరికీ తెలియదన్న నమ్మకం మానేసి, తెలిసినా పనికిరాకుండా చేసుకోవాలి. దానికి ఉన్న మార్గమే క్రెడిట్ ఫ్రీజ్.

ఫ్రీజ్: ఒక గంట పని

మన పేరుతో ఎవరైనా కొత్త కార్డుకు దరఖాస్తు పెడితే, బ్యాంకు సాధారణంగా ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు సంస్థల్లో ఏదో ఒకదాన్ని మన అప్పుల చరిత్ర అడుగుతుంది. ఫ్రీజ్ పెడితే ఆ సంస్థ కొత్త బ్యాంకుకు ఫైలు చూపించదు. ఫైలు చూడకుండా సాధారణంగా ఎవరూ కార్డు ఇవ్వరు. 2018 సెప్టెంబరు 21 నుంచి ఇది దేశమంతటా ఉచితం. ఆన్‌లైన్‌లో గానీ ఫోన్‌లో గానీ అడిగితే ఒక పనిదినంలో పెట్టాలి, తీయమంటే గంటలో తీయాలి. మన క్రెడిట్ స్కోరుకు ఏమీ కాదు, ఇప్పుడున్న కార్డులు మామూలుగానే పనిచేస్తాయి. ఇల్లో కారో కొనేటప్పుడు కొన్నాళ్ళు తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. మూడింటిలోనూ విడివిడిగా పెట్టాలి. ఒకటి వదిలేస్తే, రెండు తలుపులకు తాళం వేసి మూడోది తెరిచి ఉంచినట్టే.

మన ఇళ్ళలో ముఖ్యంగా ముగ్గురిని మరిచిపోతాం.

పిల్లలు: పసిపిల్లల నంబరు దొంగకు బాగా పనికొస్తుంది, పద్దెనిమిదేళ్ళదాకా ఎవరూ చూసుకోరు కాబట్టి. 16 ఏళ్ళలోపు పిల్లలకు తల్లిదండ్రులే ఫ్రీజ్ పెట్టవచ్చు.

పెద్దలు: కొత్త అప్పులు అక్కర్లేని వయసు. ఫ్రీజ్ ఒకసారి పెడితే మళ్ళీ ముట్టుకునే పనే ఉండదు.

ఇండియాకు తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు: మనిషి హైదరాబాద్‌లో ఉంటాడు, నంబరు ఇక్కడ ఉంటుంది, ఉత్తరాలు పాత అపార్ట్‌మెంటుకు వస్తుంటాయి. ఆ తమ్ముడికో, స్నేహితుడికో ఈ వ్యాసం పంపండి.

దీంతోపాటు ఇంకో రెండు పనులు. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు సంస్థల రిపోర్టులూ వారానికోసారి ఉచితంగా చూసుకోవచ్చు. మూడు నెలలకోసారి, ఈ పత్రిక ఇంటికి వచ్చినప్పుడల్లా చూసుకుంటే గుర్తుంటుంది. రెండోది, ఐఆర్‌ఎస్ సైటులో ఐపీ పిన్ అనే ఆరంకెల సంఖ్య తీసుకోండి. ఐటిన్ ఉన్నవాళ్ళకూ ఇస్తారు. అది ఉంటే వేరేవాళ్ళు మన పేరుతో రిటర్ను వేసి రీఫండు కొట్టేయలేరు.

జరిగిపోతే

సీతమ్మ వెళ్తూ వెళ్తూ నగలు మూటకట్టి కిందికి జారవిడిచింది. ఆ మూటే తర్వాత ఆనవాలైంది. మనమూ ఏదీ చెరపకూడదు. మెసేజీలు, నంబర్లు, రసీదులు, గిఫ్ట్ కార్డులు ఉంటే అవీ, అన్నీ ఒక కవరులో పెట్టండి. తర్వాత ఈ వరుసలో చేయండి.

1. ఇంట్లో ఒకరికి చెప్పండి. ఇది మొదటి పని, చివరిది కాదు.

2. కార్డు వెనక నంబరుకు ఫోన్ చేసి కార్డు ఆపించండి, ఆ ఖర్చులు మావి కావని చెప్పండి. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా ఉత్తరం కూడా రాయండి.

3. గిఫ్ట్ కార్డు నంబర్లు చెప్పేసి ఉంటే ఆ కార్డు కంపెనీకి వెంటనే చెప్పండి. డబ్బు ఇంకా మిగిలి ఉంటే ఆపే అవకాశం ఉంది.

4. మూడు సంస్థల్లో ఫ్రీజ్ పెట్టండి.

5. ముందు ఈమెయిల్ పాస్‌వర్డు మార్చండి, తర్వాత బ్యాంకుది. ఈమెయిల్ వాడి చేతిలో ఉంటే మిగతావన్నీ వాడు మార్చుకోగలడు. తెర చూపించే యాప్ ఎక్కించి ఉంటే తీసేయండి.

6. ఐడెంటిటీ థెఫ్ట్ డాట్ గవ్ అనే ఎఫ్‌టీసీ సైటులో ఫిర్యాదు నింపండి. బ్యాంకులకు పంపాల్సిన ఉత్తరాలను కూడా అదే తయారుచేసి ఇస్తుంది.

7. అవసరమైతే పోలీసులకు ఫిర్యాదు చేసి దాని నకలు ఉంచుకోండి.

ఆ తర్వాత "మీ పోయిన డబ్బు తెప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి" అని మరో ఫోన్ రావచ్చు. ఒకసారి మోసపోయినవాళ్ళ జాబితా దొంగలు ఒకరికొకరు అమ్ముకుంటారు. అది రెండో వల.

ఇంట్లోవాళ్ళు ఏమనాలి

ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు మనం అనే మొదటి మాట మీదే తర్వాతదంతా ఆధారపడుతుంది. "అంత చదువుకుని ఎలా చెప్పావు?" అంటే, వాళ్ళు రెండోసారి చెప్పరు. "చెప్పి మంచిపని చేశావు, పద, ఫోన్ చేద్దాం" అంటే, గంటలో సగం నష్టం ఆగుతుంది. 2024లో ఈ దేశంలో జనం మోసాల్లో పోగొట్టుకున్నామని ఎఫ్‌టీసీకి చెప్పిన మొత్తమే 1,250 కోట్ల డాలర్లకు పైన. అందులో డాక్టర్లు, ఇంజనీర్లు, లెక్కల మాస్టార్లు అందరూ ఉంటారు. సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు.

మన పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాం. ఆ రోజు పానకం పంచడం అయ్యాక వంటింట్లో ఉన్న ఇద్దరు ఆడపడుచుల్లాంటి సభ్యులు ఆమె వెంట ఇంటికి వెళ్ళారు. కోడలే కూర్చుని బ్యాంకుకు ఫోన్ చేసింది. మొదటి కార్డు మీది డబ్బు నెలన్నరలో వెనక్కి వచ్చింది. దొంగ తెరిచిన రెండు కార్డులు మూయించడానికి మాత్రం నాలుగు నెలలు, లెక్కలేనన్ని ఉత్తరాలు పట్టాయి. ఆమె చేతిలోంచి ఎవరూ ఏమీ తీసుకోలేదు. ఇప్పుడూ ఆమె కార్డు ఆమె దగ్గరే ఉంది. ఫోన్ పక్కన గోడకు మాత్రం కోడలి చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉంది: "పెట్టేయండి అత్తయ్యా, మనమే చేద్దాం."

జటాయువు చెప్పబట్టే రాముడికి దారి తెలిసింది. మనలో ఒకరు నోరు తెరిచి చెబితే ఇంకో పది ఇళ్ళకు దారి తెలుస్తుంది.

ఈ వారం ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి

1. మన ఇంటి రహస్యపు మాట ఏమిటి? ఇండియాలో ఉన్న అమ్మమ్మ, తాతయ్యలకూ తెలుసా?

2. మనలో ఎవరెవరికి మూడు సంస్థల్లోనూ ఫ్రీజ్ ఉంది? పిల్లలకు పెట్టామా?

3. కార్డు పర్సుతో సహా పోతే వెనక ఉన్న నంబరు ఎలా తెలుస్తుంది? ఎక్కడ రాసి పెట్టుకున్నాం?

4. మూడు మాయల్లో మన ఇంటికి ఇప్పటికే వచ్చినది ఏది? అప్పుడు ఎవరికి చెప్పాం, ఎవరికి చెప్పలేదు? ఎందుకు?

నాలుగో ప్రశ్నకు పిల్లల కంటే ముందు పెద్దలు జవాబు చెప్పాలని మా మనవి. పెద్దలు చెబితేనే పిల్లలకూ చెప్పడం అలవాటవుతుంది.

శుభం.